భుజం మీద చెయ్యి

అగ్నిమాపక దళంలో ఒళ్లు హూనం చేసుకుని రిటైరైన పెద్దాయనకు ఒక్క లెక్క మాత్రం తేలలేదు. ఉద్యోగం తనకేమిచ్చిందో తెలుసు: కూతురి చదువు, తలదాచుకోవడానికో గూడు, పొగకు బొంగురుపోయిన గొంతు. ఏం పట్టుకుపోయిందో కూడా తెలుసు. తెలియనిదల్లా ఆ చెయ్యి వల్ల తనకు లాభమా, నష్టమా అన్నదే.

పొగలో కళ్లు పనిచేయవు. అందుకని ముందువాడి భుజం మీద వెనకవాడు చెయ్యి వేసి వరసగా నడుస్తారు. అరిచినా వినపడదు కాబట్టి అక్కడ నొక్కుడే మాట. ఒకసారి నొక్కితే ముందుకు పదమని, రెండుసార్లు నొక్కితే వెనక్కి తిరగమని. ఎందుకని అడిగే తీరిక ఉండదు. రెండు నొక్కులు పడ్డాయా, తిరగాల్సిందే. తిరగనివాడు తనతోపాటు పక్కవాళ్లనూ ముంచుతాడు.

ఒక బట్టల గోదాము అంటుకున్న రోజు ఆయన ముందు నడిచాడు, వెనక జలగ. పట్టుకుంటే వదలడని స్టేషన్‌లో అతనికి ఆ పేరు పెట్టారు. పై అంతస్తులో బేళ్ల మధ్య సందులో సగం దూరం పోయాక, భుజం మీద గట్టిగా రెండు నొక్కులు పడ్డాయి. ఆయన తిరిగాడు. మెట్లు దిగుతుండగానే వెనకాల కప్పు మొత్తం కూలిపోయింది.

బయట జలగ బండి చక్రానికి ఆనుకుని నీళ్లు తాగుతున్నాడు.

"బతికించావురా," అన్నాడు పెద్దాయన.

"నేనా? మెట్ల దగ్గరే నా గాలి సిలిండర్ మొండికేసింది. చెయ్యి తీసేశాను. నువ్వు ఆగుతావనుకుంటే, ఆగకుండా పోతూనే ఉన్నావన్నా. కంగారుపడి బయటికి పరిగెత్తాను."

"మరి పైన నన్ను పట్టుకున్నదెవరు?"

జలగ నవ్వబోయాడు. ఆయన మొహం చూసి సీసా కింద పెట్టేశాడు.

ఆ చెయ్యి అక్కడితో పోయి ఉంటే దానికి జీవితాంతం దణ్ణం పెట్టుకునేవాడే. పోలేదు. కూతురు బళ్లో నాటకం ఆడిన సాయంత్రం, హాలు గుమ్మంలో మళ్లీ రెండు నొక్కులు. వెనక ఎవరూ లేరు. ఆయన తిరిగి వచ్చేశాడు. ఆ హాలు కూలలేదు, కూతురు బాగానే ఆడింది, చప్పట్లు కొట్టనిది తండ్రొక్కడే. ఆ తర్వాతా అంతే. మంటల్లోకి వెళ్తుంటే ఆ చెయ్యి మళ్లీ ఎన్నడూ అడ్డు రాలేదు. అయినవాళ్ల దగ్గరికి వెళ్తుంటేనే వెనక్కి లాగేది. ఒకసారి ప్రాణం నిలబెట్టి, ఆ పైన తోచినప్పుడల్లా వసూలు చేసుకుపోయింది.

ఎదిరించి చూద్దామని ఆయనకు లేక కాదు. తను తిరగకపోతే లోపల ఉన్నవాళ్ల మీద కప్పు కూలుతుందేమోనని భయం.

భార్య ఆఖరి రోజున ఆస్పత్రి వార్డు తలుపు దగ్గర కూడా అదే జరిగింది. ఆయన వరండాలో బల్ల మీద కూలబడ్డాడు. చాలాసేపటికి కూతురు బయటికొచ్చింది.

"అమ్మ చివరిదాకా నిన్నే అడిగింది."

ఆయన ఆ చెయ్యి సంగతి చెప్పాడు.

"ఇంతకంటే మంచి సాకు దొరకలేదా నాన్నా?" అంది కూతురు. మళ్లీ కొన్నేళ్లు మాట్లాడలేదు.

ఆ కూతురే ఇన్నాళ్లకు ఫోన్ చేసింది. కొత్తగా ఓ మేడ మీద వాటాలో అద్దెకు దిగిందట. "రేపు మధ్యాహ్నం రా. గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేట్టయితే మాత్రం అసలు బయల్దేరకు. ఇంకోసారి పిలవను."

ఆయన జలగను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"నువ్వు నా వెనకాలే పైకి రారా. భుజం పట్టుకో. నీ చెయ్యి ఉంటే ఇంకో చేతికి చోటుండదు."

"ఈ మోకాళ్లతో నేను మెట్లెక్కితే, నన్ను దింపడానికి మళ్లీ మన బండే రావాలన్నా. వెళ్లు, నేనిక్కడే కూర్చుంటా. కప్పు కూలితే కేకెయ్యి."

"నోటికి హద్దుండదు వెధవకి," అని పెద్దాయన ఒక్కడే మెట్లెక్కాడు.

కూతురు తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన కాలు గడప మీద పెట్టాడో లేదో, రెండు నొక్కులు పడ్డాయి.

తలుపు రెక్క మీద కూతురి వేళ్లు బిగిశాయి, మూసేయడానికి సిద్ధమైనట్టు. ఆయన కప్పుకేసి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. సున్నం కొత్తగా వేసినట్టుంది. భుజం మీద వేళ్లు ఎముకలోకి దిగుతున్నాయి. పళ్లు బిగబట్టి లోపలికి అడుగు వేశాడు.

పట్టు వదిలింది. తడిసిన యూనిఫాం కోటు విప్పేసినంత తేలిక.

కప్పు నిలిచే ఉంది. ఆయన గుమ్మం పక్కనే ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

"వచ్చావు," అంది కూతురు. "మంచినీళ్లు తెస్తాను," అని గబగబా వంటగదివైపు నడిచింది.

వంటగది గుమ్మంలో ఠక్కున ఆగిపోయింది.

"నాన్నా, ఏంటా నొక్కడం? రెండుసార్లు..." అంటూ వెనక్కి తిరిగింది. తండ్రి గదికి ఆ చివర, కుర్చీలోనే ఉన్నాడు.

ఆమె చెయ్యి మెల్లగా తన భుజం మీదికి పోయింది. "నాన్నా, నువ్వు ఆస్పత్రిలో చెప్పింది..."

ఇన్నాళ్లూ ఆయన కోరుకున్నది ఆ ఒక్క మాటే. కూతురు తనను నమ్మాలని. ఇంత ధర పడుతుందని తెలిస్తే ఆ బేరానికే పోయేవాడు కాదు.

ఆయన లేచి వెళ్లాడు. ఆమెను పక్కకు జరిపి, వంటగదిలోకి తొంగి చూసి, గాలి పీల్చాడు. కాలిన వాసన లేదు, గ్యాసు వాసన లేదు. పొయ్యి చల్లగా ఉంది. అయినా ఆమెను ముందు నడవనివ్వలేదు.

"నేను ముందుంటాను. నా భుజం మీద చెయ్యి వెయ్యమ్మా."

ఆమె వేసింది. కూతురి చెయ్యి వెచ్చగా ఉంది.

"ఆ చెయ్యి ఇంకా ఉందా నీ భుజం మీద?" అనడిగాడు, వెనక్కి తిరక్కుండా.

"ఉంది నాన్నా. ఇప్పుడు నొక్కట్లేదు. ఊరికే పట్టుకునుంది."

"ఉండనీ," అని పెద్దాయన లోపలికి అడుగు వేశాడు.