సూర్యుడి పక్కన ఊదా మాత్ర

గుమ్మం దగ్గర కళ్లు తిరిగి పడిపోయిన తల్లిని లేవదీసి కూర్చోబెట్టాక, అక్క ఆమె దిండు పక్కనున్న మందుల కార్డు చేతిలోకి తీసుకుంది. చూడగానే ఒళ్లు మండిపోయింది. అది ముద్రించింది తనే.

ప్రెస్సులో ఇరవై రెండేళ్లుగా మెషిన్ నడుపుతోంది. అందరికీ అక్కే. ఆసుపత్రివాళ్లు చదువురాని రోగుల కోసం చేయించుకున్న కార్డు అది. సూర్యుడి బొమ్మ పక్కన రక్తపోటుకి వేసుకునే నీలం మాత్ర, చంద్రుడి పక్కన నిద్రకి వేసుకునే ఊదా మాత్ర ఉండాలి. మొదటి కాగితం బయటికి రాగానే రెండూ ఊదాగానే కనిపించాయి. అప్పుడే మెషిన్ ఆపి డిజైనర్ని పిలిచింది. అతను కంప్యూటర్ తెర చూపించి, నీలం నిగనిగలాడుతోంది కదా అన్నాడు.

తెర తనలోంచి వచ్చే వెలుగుతో రంగు చూపిస్తుందనీ, కాగితానికి ఆ వెలుగు లేదనీ, తన దగ్గరున్నవి నాలుగు ఇంకులేననీ, అంత మెరిసే నీలం వాటితో ఊదాకి తిరుగుతుందనీ ఆమె చెప్పింది. గులాబీ ఇంకు తగ్గించి మళ్లీ చేయమంది. ఆసుపత్రివాళ్లు ఫోనులో చూసి సరేనన్నారు, నడిపించెయ్ అన్నాడు యజమాని. నడిపించేసింది. ఇప్పుడు ఆ కోపం సగం తన మీదే.

మర్నాడు పొద్దున్నే కార్డూ, రెండు మాత్రలూ యజమాని బల్ల మీద పెట్టింది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో బొమ్మ చూసి చెప్పమంది. ఆయన రెండు బొమ్మలూ మార్చి మార్చి చూసి ఊదా మాత్రను సూర్యుడి పక్కకి జరిపాడు.

"మా అమ్మా అదే చేసింది. వారంనుంచి రెండు పూటలా నిద్రమాత్రే మింగుతోంది."

డిజైనర్ జేబులోంచి ఫోను తీసి, ఇందులో మాత్రం రంగు సరిగ్గానే ఉందని మొదలుపెట్టాడు. ఆమె ఆ ఫోను లాక్కుని బల్ల మీద బోర్లించింది.

"మా అమ్మ చేతిలో నీ ఫోను లేదు. కాగితం ఉంది."

యజమాని ఆసుపత్రికి ఫోను చేశాడు. మిగిలిన కార్డులు ఆపేశారు. అప్పటికే ముప్పై ఆరు మంది ఇళ్లకి తీసుకెళ్లిపోయారు. వాళ్ల చిరునామాలు రాయించుకుని ఆమె బయల్దేరింది, డిజైనర్ని వెంట రమ్మంది. అతను పని ఉందని నసిగాడు. ఇదే పని అంది.

ఏడో ఇంట్లో ఒక పెద్దాయన నవ్వుతూ తలుపు తీశాడు. మందులు బాగానే పడుతున్నాయనీ, పగలంతా మత్తుగా ఉంటోందంతేననీ, వయసు మీద పడింది కదా అనీ అన్నాడు. డిజైనర్ నువ్వే చెప్పమన్నట్టు ఆమెవైపు చూశాడు.

ఆమె మనసు కరగలేదు.

"ఎందుకు మత్తుగా ఉంటోందో ఆయనకి నువ్వే చెప్పు," అని పక్కకి జరిగి నిలబడింది.