నూరిళ్ల కిమోనో

తట్టు పోసిన ఆరో రోజుకి కినుకి ఊపిరి ఆడటమే కష్టమైపోయింది. ఐదేళ్ల పిల్ల రొమ్ము కొలిమితిత్తిలా ఎగసిపడుతోంది. "ఊపిరితిత్తులకి పాకింది. ఇక నా చేతుల్లో లేదమ్మా," అన్నాడు డాక్టరు, తల్లి ఇత్సు ముఖంలోకి చూడకుండా. మంచు కరిగేదాకా పట్నం దారి తెరుచుకోదు. భర్త తకెజి చేపలవేటకని ఉత్తర సముద్రం మీదికి వెళ్లి నెల దాటింది. కినుకి ముందు పుట్టిన ఇద్దరూ ఈ గదిలోనే, ఇలాంటి చలికాలంలోనే పోయారు.

పిల్లలు బతికి బట్టకట్టిన నూరిళ్ల నుంచి తలో గుడ్డముక్కా అడిగి తెచ్చి, కిమోనో కుట్టి తొడిగితే, ఆ ఇళ్ల ఆయుష్షు రోగిష్టి పిల్లకి అంటుకుంటుందని ఆ తీరంలో తల్లుల నమ్మకం. ఇత్సు పిల్లను అత్తకి అప్పగించి మూడూళ్లు తిరిగింది. కొందరు ఉన్న ఒక్క పాత నడికట్టూ కత్తిరించి ఇచ్చారు. కొందరు తట్టు సోకుతుందన్న భయంతో తలుపు సందులోంచి ముక్క విసిరి దభాలున మూసేశారు.

మూడో రోజు మధ్యాహ్నం ముక్కలన్నీ పేర్చి చూస్తే వీపు భాగం ఇంకా నిండలేదు.

"షినో ఇంటికెళ్లావా?" అంది అత్త.

ఇత్సు చేతిలో సూది ఆగిపోయింది. షినో తకెజి మొదటి భార్య. నాలుగేళ్లయినా కడుపు పండలేదని ఈ అత్తే ఆమెను పుట్టింటికి తరిమేసింది. తర్వాత షినో కొండ అవతల పడవలు చేసే వడ్రంగిని చేసుకుని వరసగా ఐదుగురిని కన్నది. ఐదుగురూ దుక్కల్లా ఉన్నారు.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటారత్తయ్యా?"

"నా మొహం చూస్తే తలుపే తియ్యదు. నిన్నైతే తిట్టడానికైనా తీస్తుంది. పో."

ఇత్సు మోకాళ్ల లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్లింది. తలుపు తీసిన షినో ఆమెను ఎగాదిగా చూసింది. లోపల పిల్లల గోల.

"ఏమమ్మా, నా చోట్లో కూర్చున్నది చాలక నా గడపకీ వచ్చావా?"

ఇత్సు మంచులోనే మోకరిల్లి నుదురు నేలకి ఆనించింది. "అక్కా, ఏమన్నా పడతాను. పిల్లకి ఊపిరాడట్లేదు. ఒక్క గుడ్డముక్క ఇవ్వు."

"మీ అత్త పంపిందా?"

"ఆఁ."

"గొడ్రాలి గుడ్డ పనికొస్తుందటా?"

ఇత్సు తల ఎత్తలేదు. షినో లోపలికి వెళ్లిపోయింది. వేళ్లు కొయ్యబారుతున్నా ఇత్సు కదల్లేదు. కాసేపటికి షినో గడ్డిటోపీ పెట్టుకుని బయటికొచ్చింది. చేతిలో వెలిసిపోయిన పసిపిల్లల చొక్కా ఉంది.

"మా ఐదుగురూ తొడుక్కున్నది. పద, అక్కడే కత్తిరిస్తాను. ఆ వేళ్లతో నువ్వేం సూది పడతావు?"

పదకొండేళ్ల తర్వాత షినో ఆ ఇంట్లో కాలు పెట్టింది. అత్త నిప్పుగుండం దగ్గర తన చోటు ఖాళీ చేసింది. షినో ఆమె వైపు చూడకుండానే అక్కడ కూర్చుని వీపు భాగం కుట్టేసింది. ఇద్దరూ కలిసి కిను చేతులు పైకెత్తి కిమోనో తొడిగారు.

జ్వరం తగ్గలేదు. మర్నాడూ తగ్గలేదు. కిను పెదాలు నీలంగా మారాయి. ఇత్సు పిల్లను గుండెకి అదుముకుని, "నన్ను తీసుకుపో, దీన్నొదిలెయ్" అంటూ ఎవర్ని వేడుకుంటోందో తనకే తెలియకుండా గొణుగుతూ ఉంది. షినో రోజూ వచ్చి నీళ్లు కాచి ఇచ్చి వెళ్లేది.

నాలుగో రోజు తెల్లారి పిల్లకి చెమట పట్టింది. మధ్యాహ్నానికి కళ్లు తెరిచి గంజి అడిగింది.

ఇత్సు ఉరుకులు పరుగులుగా గంజి కాచి తెచ్చింది. కిను గోడవైపు తిరిగి కూర్చునుంది. "కినూ!" అని పిలిచింది. తిరగలేదు. గట్టిగా పిలిచింది. అత్త చేతిలోంచి ఇనప మూత జారి ధణాలున పడింది. పిల్ల ఉలిక్కిపడలేదు.

అత్త కూలబడి ఏడుపందుకుంది. ఇత్సు ఏడవలేదు. చుట్టూ తిరిగి వచ్చి, పిల్లకి తన ముఖం కనిపించేలా ఎదురుగా కూర్చుని, చెంచా ఊది అందించింది. కిను ఆమె పెదాల వంకే చూస్తూ నోరు తెరిచింది.