తలుపు పక్క అలమారి

"కిచెన్ మొత్తం మేడందే కద సార్" అన్నాడు కిషన్.

సార్ అంటే మా బావ ప్రశాంత్, నా మొగుడు. మేడం అంటే నేను. కిషన్ కరీంనగర్ నుంచి వచ్చిన కప్‌బోర్డుల కాంట్రాక్టర్. మా కొత్తింటి హాల్లో చాప మీద కూర్చొని, ల్యాప్‌టాప్‌లో ఇంటి బొమ్మ తెరిచి, ఏ గోడకు ఏ అలమారి వస్తుందో బావకు చూపిస్తున్నాడు. పెద్ద గదిలో గోడ నిండా ఉన్నది సార్‌కు. షర్టులకు వేరే, ప్యాంట్లకు వేరే, బెల్టులకూ వాచీలకూ చిన్న సొరుగు. అత్తమ్మ గదిలో ఆమె చీరలకూ మందులకూ ఒకటి. పాపకు గులాబీ రంగుది. హాల్లో తలుపు పక్కన అద్దాల షోకేసు, బావ చిన్నప్పుడు క్రికెట్‌లో గెలుచుకున్న కప్పుల కోసం. దేవుడికి కూడా తలుపులున్న మందిరం. నా వంతు వచ్చేసరికి ఆ మాట అన్నాడు. పాపం, పొగడ్తగానే అన్నాడు. మరి నా చీరలు ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే, సార్ అలమారిలోనే కింద అరలు మిగిలాయి కదా మేడం అన్నాడు.

నేను టీ గ్లాసులు పట్టుకొని నిలబడి ఉన్నాను. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, వాళ్లకు టీ పెట్టి తెచ్చానంతే. కాళ్లు ఇంకా గనిలో డంపర్ లారీ దిగినట్టు లేవు, ఒళ్లంతా ఊగుతూనే ఉంది.

"నా డ్యూటీ బట్టలు ఏడ పెట్టుకోవాలె?" అని అడిగాను.

కిషన్ నా వైపు చూడలేదు. డ్యూటీ ఎవరిది సార్ అని బావను అడిగాడు. బావ నవ్వాడు. ఆ నవ్వు వెనక ఏ మాట వస్తుందో నాకు నోటికొచ్చు. పెళ్లిళ్లలో, చావుల్లో, చౌరస్తాలోని తన మొబైల్ షాపు ముందు, ఎవరు అడిగినా అదే చెబుతాడు.

"డ్యూటీ నాదే. ఆమె చేస్తాంది."

ఈ మాట బయటివాళ్లకు తమాషాగా ఉంటుంది. మా బొగ్గు బాయిల దగ్గర ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. మా నాయిన ఆగయ్య అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి, ఊపిరి పాడై, అన్‌ఫిట్ అయ్యాడు. తండ్రి అన్‌ఫిట్ అయితే ఉద్యోగం కొడుక్కి వస్తుంది. కొడుకు లేకపోతే అల్లుడికి అనేది మా వాడకట్టులో రాయని ఒప్పందం. నాయినకు నేనొక్కతెనే. ఆయన సొంత చెల్లెలు సారవ్వ, ఇప్పటి మా అత్తమ్మ, తన కొడుక్కి నన్ను అడిగినప్పుడు ఉద్యోగం ఊసు ఎవరూ ఎత్తలేదు, కానీ లగ్గం పందిట్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. తీరా మెడికల్ బోర్డు తేల్చి, కాగితాలు కదిలి, పిలుపు వచ్చేసరికి బావకు వయసు దాటిపోయింది. అప్పుడు గుర్తొచ్చాను నేను. అత్తమ్మ ఏడ్చి ఏడ్చి, చివరికి ముక్కు చీది, "ఇంట్ల ఎవలకచ్చినా ఒకటే తియ్యి" అంది. ఆ రోజు నుంచి నా ఉద్యోగం బావకు తప్పిపోయిన ఉద్యోగమే తప్ప నాకు దొరికిన ఉద్యోగం కాలేదు.

డ్యూటీలో చేరితే అక్కడా అంతే. ఆడపిల్లవి, ఎండలో ఏం తిరుగుతావు అని చీపురు ఇచ్చారు. ఆఫీసు ఊడ్చాను, కూజాలు నింపాను, పెద్దసారుకు చక్కెర లేని టీ, చిన్నసారుకు చక్కెర ఉన్న టీ. ఇంట్లో చేసే పనికే జీతం ఇస్తున్నారు, నయమే కదా అని నవ్వుకునేదాన్ని. డంపర్ల మీదికి ఆడవాళ్లు ఎవరైనా వస్తారా అని అడిగినప్పుడు మొదట చెయ్యెత్తింది నేనే. నైట్ షిఫ్ట్‌కు ఇష్టపడితే సంతకం పెట్టాలన్నారు. మీ ఆయన్ని అడిగి పెట్టమ్మా అన్నాడు క్లర్కు. ఆయన వచ్చి నడుపుతడా సార్ అని అడిగి, అక్కడే పెట్టాను. 

డంపర్ చక్రం నాకంటే ఎత్తు. నిచ్చెన ఎక్కి, క్యాబిన్‌లో కూర్చొని, మొదటిసారి లోడుతో ఓపెన్‌కాస్ట్ గని గుంతలోంచి పైకి తెచ్చినప్పుడు, నాయినకు ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు ఆయాసపడ్డాడు. తర్వాత, "బిడ్డా, బాయిల దిగుడే ఎర్క నాకు. నువ్వు ఎక్కినవు" అన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా నడుం నిటారుగా అవుతుంది.

అలాంటి నా డ్యూటీ బట్టలు మాత్రం ఇంటి వెనక, బాత్రూం పక్కన, ఇల్లు తుడిచే గుడ్డలు ఆరేసే ఇనుప మొలకే వేలాడేవి. బొగ్గు బట్టలు ఇంట్లోకి తేవద్దని అత్తమ్మ నియమం. లక్ష్మి ఉండదట. లక్ష్మి నెలనెలా నా బ్యాంకు ఖాతాలోకే వస్తున్న సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే అది కూడా కొడుకు ఖాతాలోనే వేసుకునేది.

ఇదే అత్తమ్మ, మామ బతికున్నప్పుడు ఏం చేసేదో నాకు తెలుసు. అప్పుడు మా రెండిళ్లూ ఉన్నది ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో, పక్కపక్క క్వార్టర్లలో. ప్రతి క్వార్టర్‌కూ వీధి తలుపు పక్కన ఒక మొల ఉండేది. నైట్ షిఫ్ట్ దిగొచ్చిన మనిషి నల్లబట్టలు విప్పి దానికి తగిలించి, స్నానం చేసి పడుకునేవాడు. మొలకు బట్టలుంటే ఆ ఇంటి ముందు ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పాలవాడు గంట కొట్టడు. మేం తొక్కుడుబిళ్ల ఆడుతూ అరిస్తే, సారవ్వ అత్త బయటికొచ్చి వేలు పెదాల మీద పెట్టి, "సప్పుడు చెయ్యకున్రి, డ్యూటీ మనిషి పండుకున్నడు" అనేది. మామ కోసమే కాదు, మా నాయిన బట్టలు కనిపించినా అంతే. మా అమ్మ ఐలవ్వ దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకొని పెరట్లోకి వెళ్లి దగ్గేది. ఒక మనిషి నిద్రకు వాడకట్టంతా కాపలా కాసేది. చిన్నప్పుడు ఆ మొలను చూస్తే నాకు గుళ్లో దీపం చూసినట్టు ఉండేది.

మరి నేను నైట్ షిఫ్ట్ దిగొచ్చి పడుకుంటే? టీవీలో సీరియల్ మోగుతుంది. రోట్లో పచ్చడి నూరుతారు. అత్తమ్మ తలుపు తోసుకొని వచ్చి నా మందుల డబ్బా ఏదే అంటుంది. బావ మధ్యాహ్నం అన్నానికి వచ్చి, మంచం పక్కన నిలబడి, "పండుకున్నవా? ఉల్లిగడ్డలు ఏడున్నయ్?" అని అడుగుతాడు. పండుకున్నవా అని అడిగి మరీ లేపడం మా బావకే చెల్లింది. ఆ రాత్రి మళ్లీ డంపర్ ఎక్కితే కళ్లు మూతలు పడతాయి. ఆ గుంత అంచున రెప్ప వాలిందంటే ఏమవుతుందో నాకు తెలుసు. బావకు తెలియదు. చెప్పాను. డ్యూటీ అంటే అట్లనే ఉంటది అన్నాడు, తానే చేస్తున్నట్టు.

ఇదంతా టీ చల్లారేలోపు నా తలలో తిరిగిపోయింది. గ్లాసులు కింద పెట్టి, కిషన్ ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

"తమ్మీ, గా షోకేసు తీసెయ్యి" అన్నాను. "తలుపు పక్కన గక్కడ నా డ్యూటీ అలమారి పెట్టు. మీద హెల్మెట్‌కు, నడుమ బట్టలకు, కింద బూట్లకు. షట్టర్ వద్దు."

షట్టర్ లేకపోతే దుమ్ము పడుతుంది మేడం అన్నాడు కిషన్. దుమ్ము ఆ బట్టల మీద నుంచే ఇంట్లోకి రావాలి కానీ వాటి మీద కొత్తగా పడేదేం లేదన్నాను. అతనికి నవ్వొచ్చింది, కానీ నవ్వాలా వద్దా అని బావ ముఖం చూశాడు. బావ ముఖంలో నవ్వు లేదు.

"ఇంటికచ్చినోళ్లు ఏమనుకుంటరు?" అన్నాడు బావ.

"ఈ ఇంట్ల డ్యూటీ చేసే మనిషి ఉన్నదనుకుంటరు."

కిషన్ ఇంకా సార్ తల ఊపుతాడేమోనని అటే చూస్తున్నాడు. అటు కాదు తమ్మీ, ఇటు చూడు, ఈ ఇంటి బ్యాంకు లోను నా జీతం మీద ఉంది అన్నాను. అప్పుడు మొదటిసారి ల్యాప్‌టాప్ నా వైపు తిరిగింది. తిరిగింది కదా అని మిగతాది కూడా చెప్పేశాను. కిచెన్ నాది కాదు, ఇంటిది. పాపకు కూడా అందేటట్టు అరలు పెట్టు. ఉల్లిగడ్డల బుట్ట, పప్పు డబ్బాలు బయటికి కనిపించేటట్టు పెట్టు, కళ్లున్న ఎవరికైనా దొరికేటట్టు. అత్తమ్మ లోపలి గదిలోంచి అంతా వింటూనే ఉంది. లక్ష్మి సంగతి ఎత్తుతుందనుకున్నాను. ఎందుకో ఎత్తలేదు. బావ మాత్రం ఆ రాత్రి అన్నం తింటూ, కప్పులు ఎక్కడ పెట్టుకోవాలె మరి అని అడిగాడు. నీ బెల్టుల సొరుగుల పెట్టుకో బావా అన్నాను.

కిషన్ మనుషులు వచ్చారు, కోశారు, బిగించారు, రంపపు పొట్టు ఊడ్చుకొని వెళ్లారు. మొదటి నైట్ షిఫ్ట్ దిగొచ్చిన పొద్దున, నేను వెనక దారి పట్టలేదు. వీధి తలుపు తీసుకొని వచ్చాను. హెల్మెట్ పైన పెట్టాను. బూట్లు కింద పెట్టాను. స్నానం చేసి వచ్చి, నల్లబడ్డ చొక్కా, ప్యాంటు, రేడియం చారల జాకెట్ కొక్కేలకు తగిలించాను. కొత్త చెక్క వాసనలో బొగ్గు వాసన కలిసింది. అత్తమ్మ సోఫాలో కూర్చొని చూస్తోంది. ఏమీ అనకముందే గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసి పడుకున్నాను.

ఎంతసేపు పడుకున్నానో, మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ నిలువుగా ఉంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అత్తమ్మ సీరియల్ వేళ అది. టీవీ నడుస్తోందేమో కానీ మాట వినిపించడం లేదు. ఒక్క క్షణం భయమేసింది, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని. లేవబోయాను.

అంతలో వీధి తలుపు దబ్బున తీసిన చప్పుడు. బావ.

"జమునా, ఉల్లిగడ్డలు..."

"మెల్లగరా!" అత్తమ్మ గొంతు. నేను చిన్నప్పుడు క్వార్టర్ ముందు విన్న గొంతు అది, గుసగుసే కానీ గోడ దాటి వినిపించేది. "తలుపు కాడ బట్టలు కనవడ్తలెవ్వా? డ్యూటీ మనిషి పండుకున్నది."

బావ చెప్పులు విప్పిన చప్పుడు కూడా రాలేదు. కాసేపటికి వంటింట్లో ఏదో డబ్బా మూత మెల్లగా తెరిచిన శబ్దం వచ్చింది. వెతుక్కుంటున్నాడు.

పండుకున్నది అంది అత్తమ్మ. మా వాడకట్టులో ఇన్నేళ్లుగా ఆ మాట పండుకున్నడు అనే విన్నాను. ఆమె కావాలని అన్నదో, బట్టలు చూసి నోటికి అలవాటుగా వచ్చిందో నాకు తెలియదు, అక్కర్లేదు కూడా. డంపర్ ఎక్కిన రోజు కంటే ఎక్కువ గర్వంగా అనిపించింది. కళ్లలో నీళ్లొచ్చాయి, తుడుచుకున్నాను.

లేచి వెళ్లి ఉల్లిగడ్డలు చూపిద్దామా అని పాత అలవాటున కాళ్లు ఒకసారి కదిలాయి. దుప్పటి తల మీదికి లాక్కొని, డ్యూటీ మనుషులు పడుకున్నట్టే పడుకున్నాను.