రెండు వరసల పూత

నేను ఒక సిమెంటు బాటను. లంబసింగిలో తారురోడ్డు నుంచి గెమ్మెలి సోములమ్మ ఇంటి ముంగిలి దాకా ముప్పై అడుగులు ఎక్కుతాను. అంతే నా లోకం.

నాకు ముందు ఇక్కడ బురద ఉండేది. ఆటో పైకి ఎక్కేది కాదు. సోములమ్మ స్ట్రాబెర్రీ ట్రేలు నెత్తిన పెట్టుకుని దిగుతూ జారితే సగం పళ్ళు నలిగిపోయేవి. మూడేళ్ళు కూడబెట్టి నలభై రెండు వేలు తీసింది. నేను చెడితే మళ్ళీ పోయించే స్తోమత ఆమెకు లేదు.

నర్సీపట్నం నుంచి వచ్చిన మేస్త్రి అప్పలకొండ పొద్దంతా బీడీలు కాలుస్తూ గడిపాడు. "మా కాడ ఎండకి పగుల్తాదని సల్లబడ్డాకే పోత్తామమ్మా" అన్నాడు.

"ఇక్కడ ఎండకి ఎవలు బయపడతారు బావూ? ఎండ కోసం కాసుకుంటాం. పచ్చి మీద మంచు పడితే సెడిపోతాది."

మేస్త్రి నవ్వాడు. తమ ఊరి వాతావరణం మీద మనుషులకున్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. సాయంత్రం నాలుగున్నరకు నన్ను పోసి, బండి జారకుండా చీపురుతో గీతలు గీసి, చలికి శాలువా కప్పుకుని వెళ్ళిపోయాడు. నాకూ చలేస్తుందని ఆయనకు తోచలేదు.

సోములమ్మకు తోచింది. కానీ ఇంట్లో ఉన్న గడ్డి స్ట్రాబెర్రీ పూత మీద రోజూ కప్పేదొక్కటే. మడికీ నాకూ మధ్య కాసేపు నిలబడింది. "పూత మల్లీ వస్తాది, ఇది రాదు" అనుకుని రెండు వరసల మీద గడ్డి తీసి నా మీద పరిచింది.

తెల్లారేసరికి ఆ రెండు వరసలూ మంచుకి నల్లబడ్డాయి. మేస్త్రి వచ్చి గడ్డి తీసి నన్నంతా గోటితో గీకి చూశాడు. గట్టిగానే ఉన్నాను. రోడ్డు పక్క మూల మాత్రం, గడ్డి అందని చోట, పిండిలా రాలింది. ఆయన ఆ మూలనీ నల్లబడ్డ పూతనీ మార్చిమార్చి చూశాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో మూల మళ్ళీ పోశాడు. కూలి ఇస్తే పుచ్చుకోలేదు.

ఇప్పటికి ఎనిమిది చలికాలాలు. ఆటో గడప దాకా వస్తోంది, పళ్ళు నలగకుండా దిగుతున్నాయి. నా ప్రాణం హాయిగా ఉంది. చలి చూడవచ్చినవాళ్ళు ఎవరైనా "బాటకు ఎంతయింది?" అని అడిగితే, "నలభై రెండు వేలు, రెండు వరసల పూత" అంటుంది సోములమ్మ. వాళ్ళు వేళాకోళమనుకుని నవ్వుతారు.

మంచు కాలం వస్తే ఆమె సాయంత్రం మడి మీద గడ్డి కప్పి, మిగిలిన గుప్పెడు తెచ్చి నా మూల మీద వేస్తుంది. నేనెప్పుడో గట్టిపడ్డాను, నాకది అవసరం లేదు. అయినా వద్దనను.