ఢిల్లీకీ వాంకూవర్‌కీ మధ్య దారం

నేను ఒక ప్రపంచ పటాన్ని. గుండ్రటి భూమిని గోడకి ఆనేలా చదును చేసి అచ్చేస్తే పుట్టినదాన్ని. ఆ చదునులో పైభాగాన్ని బాగా సాగతీశారు. ఆ సంగతి నా అంచున సన్న అక్షరాల్లో వేశారు కూడా. బీమా కాగితాల్లాగే దాన్నీ ఎవరూ చదవలేదు.

పదేళ్లు ఒక స్కూల్లో ఉన్నాను. పిల్లాడు దేశం తప్పు చూపిస్తే మాస్టారు బెత్తంతో నన్నే కొట్టేవారు. ఆ స్కూలు మూతపడ్డాక కాకినాడలో రిటైర్డ్ సర్వేయరు సోమలింగం గారి హాల్లో చెమ్మ మరకకి అడ్డంగా చేరాను.

ముప్పయ్యేళ్లు పొలాలు కొలిచిన ఆయనకి భూమి మీద నమ్మకమే గానీ మనుషుల మీద లేదు. పాల ప్యాకెట్టు వచ్చినా కొలగిన్నెలో పోసి చూసేవారు.

కూతురు సువర్చలకి వాంకూవర్ సంబంధం వచ్చింది. అబ్బాయి నళినీకాంత్ అక్కడ వంతెనలు కట్టే ఇంజినీరు. ఆ పిల్లకి నచ్చాడు. ఇక మిగిలింది తండ్రి వాకబు. ఫోన్లో మాటవరసకి అబ్బాయి అన్నాడు: "ఢిల్లీలో పొద్దున్న ఐదుంపావుకి ఎక్కి, అదే రోజు పొద్దున్న ఐదూ ముప్పావుకి దిగానండీ. పదకొండు వేల కిలోమీటర్లేనండీ."

సోమలింగం గారు ఫోన్ పెట్టేశారు. "అరగంటా! మనకి సామర్లకోట పోవడానికే ముప్పావుగంట!"

"అక్కడ టైము మనకంటే వెనక నాన్నా. ప్రయాణం పద్నాలుగు గంటలు," అంది సువర్చల.

"టైము వెనక్కి తిప్పేవాడు వయసు తిప్పడా?"

దారం తెచ్చి నా మీద ఢిల్లీ నుంచి యూరప్ దాటించి, సముద్రం దాటించి, వాంకూవర్ దాకా బిగలాగారు. కొలబద్దతో లెక్క తేల్చారు. ఇరవై రెండు వేలు.

"సగానికి సగం దాచాడే! దూరాన్ని సగం చేసినవాడు జీతాన్ని రెట్టింపు చెయ్యడా? రేపు పొద్దున్నే వద్దని చెప్పేస్తాను."

నాకు నోరుంటే ఆ తప్పు నాదేనని అరిచేదాన్ని. సువర్చల కళ్లు తుడుచుకుని వంటింట్లోంచి పంపరపనసకాయ తెచ్చింది. కుంకుమతో రెండు చుక్కలు పెట్టింది.

"ఇది ఢిల్లీ. అవతలివైపున్నది వాంకూవర్. లాగు నాన్నా. పక్కనుంచి కాదు, తొడిమ మీదుగా. విమానం అలాగే పోతుంది."

లాగారు. పక్కనుంచి సరిపోయిన దారమే ఇక్కడ బోలెడు మిగిలిపోయింది. మూడుసార్లు కొలిచారు. సర్వేయరు కదా, కొలతకి ఎదురు చెప్పలేరు. కాయని అటూ ఇటూ తిప్పి, "ఇది మగపెళ్లివారు పంపింది కాదుగా?" అన్నారు.

"రైతుబజారులో కొన్నామండీ. సంచి పట్టింది మీరే," అంది భార్య పేరమ్మ.

"అయితే సరే." అప్పుడు నావైపు తిరిగారు. "ఇన్నాళ్లూ దొంగని ఇంట్లో పెట్టుకున్నాం!"

సంబంధం ఖాయమైంది. నన్ను వంటింటి అలమారలో ఆవకాయ జాడీల కింద పరిచారు. ఊట కారి రష్యా ఎర్రబడింది.

పెళ్లయ్యాక సువర్చల విమానం ఎక్కిన రోజు ఆయన భోజనం మానేసి, గడియారం ముందు పెట్టుకుని వంటింట్లోనే కూర్చున్నారు. చివరికి ఫోన్ మోగింది. "దిగాం నాన్నా!"

ఆయన కళ్లు తుడుచుకున్నారు. "పద్నాలుగు గంటల పది నిమిషాలు," అన్నారు. "ఆ పది నిమిషాలూ ఎక్కడ తిప్పాడో, అల్లుడికోసారి ఫోన్ ఇయ్యమ్మా."