నాన్న వేసిన ఓటు

ఆ ఏప్రిల్‌కి నాది ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చివరి ఏడాది. నల్లపాడులో గది తీసుకుని చదువుకుంటున్నాను. యువత, రాజకీయాలు అన్న విషయం మీద వ్యాసం రాస్తే మొదటి బహుమతి వచ్చింది. చదువుకున్నవాళ్ళు ఎన్నికలకు దూరంగా ఉండి, గెలిచినవాళ్ళను తిట్టడం తప్పని రాశాను. ఓట్లకని పొదిలి పక్కన మా ఊరు వెళ్తే, మాజీ సర్పంచి పిచ్చయ్యగారు ఆ వ్యాసం నాచేత చదివించుకుని విన్నారు.

"బాగుందిరా అంకమ్మరావ్. చదువుకున్నోళ్ళు రావాలని నువ్వే రాశావుగా, రా మరి. బూత్‌లో మనకి ఏజెంటుగా కూర్చో. కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు పోస్టు పడబోతోంది. ఈ ఒక్కరోజు నా మాట దాటకు, మిగతాది నాకొదిలెయ్."

నాకు ముందు ఏడాది ఎం.ఏ. పాసైన తొమ్మిదిమందిలో ఒక్కడికీ చదువుకు తగ్గ ఉద్యోగం లేదు. ఒకడు గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ బస్తాల మీద గుర్తులు వేస్తున్నాడు. సరేనన్నాను.

బూత్ మా బళ్ళోనే. అవతలి పార్టీ ఏజెంటు అమానుల్లా. ఏడో తరగతి దాకా ఒకే బల్ల మాది. ఇప్పుడు సైకిలు షాపు పెట్టుకున్నాడు.

మా ఊళ్ళో ఒక ఒప్పందం ఉంది. మూడు దాటాక, వలస పోయినవాళ్ళ పేర్లూ చనిపోయినవాళ్ళ పేర్లూ రెండు పార్టీలూ చెరిసగం పంచుకుంటాయి. ఆ పేర్లతో ఎవరొచ్చినా ఏజెంట్లు అడ్డం చెప్పరు. ఒకప్పుడు తలలు పగిలాక పెద్దలు చేసిన ఏర్పాటది. నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. వ్యాసంలో మాత్రం రాయలేదు.

"బేసి నంబర్లు మీవి, సరి మావి," అంటూ అమానుల్లా జాబితా మీద పెన్సిలు జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగింది.

రెండు వందల పదమూడు. బాపయ్య. మా నాన్న.

నాన్న పోయి పద్నాలుగు నెలలు. పత్తి చేలోనే పడిపోయాడు. ఓటర్ల జాబితా సరిచేసేవాళ్ళు ఇంటికొచ్చినప్పుడు పేరు తీసేసే ఫారం నేనే నింపబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీరా. రేషన్ కార్డులో కొట్టేశారు. ఆ ఒక్కచోటన్నా ఉండనీ." ఫారం మడిచి వెనక్కిచ్చేశాను.

అమానుల్లా నా చెవి దగ్గరికి వంగాడు. "ఒరేయ్, బాబాయ్ పేరు వదిలేద్దామా? నీకు కష్టమైతే నేనే అడ్డం చెప్తా. నీ మీదకి రాదు."

కిటికీలోంచి, దూరంగా టెంటు కింద పిచ్చయ్యగారు చీటీలు పంచుతూ కనిపిస్తున్నారు.

"వద్దులే," అన్నాను.

"ఆలోచించుకోరా."

"వద్దన్నాగా."

మూడున్నరకి యలమంద వచ్చాడు. నాన్న ఈడువాడు. ఇద్దరికీ చెరో ఎద్దు ఉంటే, రెండూ కలిపి పొత్తున దున్నుకునేవాళ్ళు. నా మొహం చూడకుండా చీటీ ముందుకు జరిపాడు.

ఆఫీసరు ఎక్కడో కొత్తపట్నం వైపునుంచి డ్యూటీకొచ్చిన మాస్టారు. "రెండు వందల పదమూడు, బాపయ్య!" అని గట్టిగా చదివాడు. కిటికీ అవతల ఆడవాళ్ళ వరసలో మాటలు ఆగిపోయాయి.

"అభ్యంతరం ఏమన్నా ఉందా?"

అమానుల్లా నావైపే చూస్తున్నాడు. నేను ఆ పేరు పక్కన టిక్కు పెట్టాను.

"లేదండి."

యలమంద వేలికి సిరా పూశారు. అట్టల చాటున రెండు యంత్రాలూ ఒకదాని తర్వాత ఒకటి కూశాయి. అతను తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళ వరసలోంచి తర్వాత లోపలికొచ్చింది అమ్మ. మిరప కోతకి పోయి అట్నుంచటే వచ్చింది. చేతులు మండుతున్నాయేమో, చీటీని కొంగుతో పట్టుకుంది.

"రెండు వందల పద్నాలుగు, శివపార్వతి. భర్త పేరేంటమ్మా?"

అమ్మ చెప్పలేదు. నాన్న పేరు అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. రేషన్ షాపులోనైనా, ఆసుపత్రిలోనైనా, చివరికి చావు రాయించేటప్పుడైనా పక్కనున్నవాళ్ళు అందించాల్సిందే. ఎక్కువసార్లు నేనే అందించాను. ఇప్పుడూ నావైపే చూసింది. నేను జాబితాలోకి తల దించుకున్నాను.

మాస్టారు జాబితాలోకి చూసి నవ్వాడు. "పై పేరేగా, బాపయ్య. మీ ఆయన ఇప్పుడే ఓటేసి వెళ్ళారమ్మా."

అమ్మ గుమ్మం వైపు తిరిగి చూసింది. కాసేపు అలాగే చూసింది. తర్వాత నా ముందున్న కాగితం వైపు చూసింది. అమ్మకి చదువు రాదు. టిక్కంటే తెలుసు.

"అయితే ఇంక నాదెందుకులే అయ్యా. ఇంటికి ఒకటి చాలు."

"అదేంటమ్మా, ఎవరిది వాళ్ళే వెయ్యాలి!"

చీటీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

రెండు వందల పద్నాలుగు సరి నంబరు. వెయ్యకుండా మిగిలిన పేరు గనక వాళ్ళ వాటాకి వచ్చేదే. అమానుల్లా బయటికెళ్ళి తనవాళ్ళతో ఏదో చెప్పి వచ్చాడు. ఆ పేరుతో ఎవరూ రాలేదు. పోలింగు అయిపోయాక ఆఫీసరు చెప్పినచోట ఇద్దరం సంతకాలు పెట్టాం. అమానుల్లా నాతో మాట్లాడకుండానే సైకిలెక్కాడు.

ఇంటికెళ్తే అమ్మ అన్నం పెట్టింది. గోంగూర వేసింది, మజ్జిగ పోసింది. కంచం తీస్తూ అడిగింది.

"ఆ పేరు తీసేసే కాగితం మళ్ళీ ఇస్తార్రా?"

పోస్టు గురించి పిచ్చయ్యగారు మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. వారం తర్వాత మండలాఫీసుకి వెళ్ళి ఫారం తెచ్చాను. అమ్మ పక్కనే కూర్చుంది, ఈసారి చెయ్యి పట్టుకోలేదు. పేరు రాశాను. నంబరు రాశాను. చనిపోయిన తేదీ అని ఉన్నచోట, వారం కిందట ఆ పేరు పక్కన టిక్కు పెట్టిన కలం కదల్లేదు.