లాజరు ఆదివారం

బెల్లంపల్లి బొగ్గుబాయిలో కప్పు కూలి మోషే చనిపోయిన నాటి నుంచి, తలుపు చప్పుడైతే చాలు, గుడిలో ఆరాధన నడిపే ఉపదేశి ఆశీర్వాదానికి గుండె ఝల్లుమనేది. అది 1958 ఎండాకాలం. లూథరన్ సంఘంలో మోషేకు బాప్తిస్మం ఇప్పించిందీ, సమాధి దగ్గర ప్రార్థన చేసిందీ ఆయనే. మట్టి పోస్తున్నప్పుడు ఇద్దరు కూలీలు ఆయన పక్కకు చేరారు. కప్పుకు ఆసరాగా పెట్టే దుంగలు చాలవని మోషే మొత్తుకున్నాడనీ, ఉన్నవాటితోనే కానిమ్మని గుత్తేదారు లింగమూర్తి మనుషులు లోపలికి తోలారనీ గుసగుసగా చెప్పారు. ఆ వెంటనే, తాము చెప్పినట్టు ఎక్కడా అనొద్దని చేతులు పట్టుకున్నారు. ఆశీర్వాదం కొడుకు దానియేలు కూడా అదే బాయిలో దిగుతాడు.

శుక్రవారం సాయంత్రం గుత్తేదారు మేస్త్రీ హనుమండ్లు ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని, మంచినీళ్లు తెప్పించుకుని తాగి, ఆదివారం గుడిలో ఏం చదువుతావని అడిగాడు. ఆ ఆదివారం దాటగానే, సోమవారం, ప్రమాదం మీద విచారణకు అధికారి వస్తున్నాడు. పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్న భార్య మగ్దలేనమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆశీర్వాదం దాచలేకపోయాడు. త్రిత్వ పండుగ దాటాక వచ్చే మొదటి ఆదివారం అది. పట్టుబట్టలు కట్టుకుని రోజూ విందులు చేసుకునే ధనవంతుడి కథ, అతని వాకిట్లో పుండ్లతో పడి ఉన్న బిచ్చగాడు లాజరు కథ ఆనాటి పాఠం; చచ్చాక ధనవంతుడు నరకంలో పడతాడు. అది తాను ఏరుకున్నది కాదనీ, ఆ రోజు తమ సంఘం గుళ్లన్నిటిలో అదే చదువుతారనీ, పోయినేడూ అదే చదివాననీ చెప్పుకున్నాడు. 

"అన్ని గుళ్ల సంగతి నాకెందుకు? మీ గుడి రేకుల షెడ్డు మా గుత్తేదారు జాగల ఉన్నది. ఇంకోటి సదువు," అన్నాడు హనుమండ్లు. గొంతు పెంచలేదు. లేచి చెప్పులు తొడుక్కుంటూ, "నీ కొడుకు మొదటి షిఫ్టు గదా? జర పైలంగ దిగుమను. కప్పు ఎప్పుడెట్లుంటదో ఎవరికెరుక," అన్నాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా భార్యాభర్తలు కదల్లేదు. తర్వాత మగ్దలేనమ్మ, మనకున్నది ఒక్క కొడుకు, వేరే పాఠం చదువు అంది. ఆమె అనకముందే ఆశీర్వాదం ఆ నిర్ణయానికి వచ్చేశాడు. మంచి కాపరి గురించిన పాఠం చదివితే ఎవరికీ ఏమీ తగలదు.

శనివారం మధ్యాహ్నం మోషే భార్య రిబ్కమ్మ వచ్చింది. గుత్తేదారు మనుషులు ఆమె దగ్గరికీ వెళ్లారట. వద్దన్నా వినకుండా మోషే తనంతట తానే చెడిపోయిన కప్పు కిందికి వెళ్లాడని అధికారికి చెప్పాలట. లేకపోతే గుడిసె ఖాళీ చేయాలట. ఆమె గడపలోనే నిలబడి, "అయ్యగారూ, రేపు గుడిల ఆయన పేరు తీయకుండ్రి. నాకు భయమైతుంది," అంది.

తీయనని మాటిచ్చాడు. ఇచ్చాక ఒళ్లు తేలికపడింది. ఆ తేలికకు తనకే సిగ్గేసి, ఆమె వెళ్లేదాకా తల ఎత్తలేకపోయాడు.

ఆదివారం పొద్దున్నే వాన పట్టుకుంది. గుడిలో వెనక, తలుపు పక్కన, తడిసిన గొడుగుతో హనుమండ్లు కూర్చుని ఉన్నాడు. అతను గుడికి రావడం అదే మొదలు. పాట అయిపోయింది. ఆశీర్వాదం అలవాటు కొద్దీ అది ఏ ఆదివారమో చెప్పి, కాపరి పాఠం కోసం పేజీలు తిప్పసాగాడు.

ముందు చాప మీద ముసలి చంద్రవ్వ కూర్చుంది. ఆమెకు చెవుడు, అందుకే పక్కామెతో మెల్లగా అనుకున్న మాట గుడంతా వినిపించింది. "ఇయ్యాల లాజరు ఆదివారం. కుక్కలొచ్చి పుండ్లు నాకుతయి సూడు, గదే."

అవునన్నట్టు ఆడవాళ్లు తలలూపారు. వాళ్లలో చదువొచ్చినవాళ్లు లేరు. అయినా ఏ ఆదివారం ఏ కథ వస్తుందో వాళ్లకు తెలుసు, ఏడాదంతా అలాగే గుర్తు పెట్టుకుంటారు. ఇప్పుడు వేరేది చదివితే ఎందుకు చదివాడో అందరికీ అర్థమైపోతుంది. దానియేలు మగవాళ్ల మధ్య తల వంచుకుని ఉన్నాడు. మగ్దలేనమ్మ కళ్లు మూసుకుంది.

ఆశీర్వాదం లూకా సువార్త తెరిచి, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ప్రసంగం ఏదీ సిద్ధం చేసుకోలేదు. ఈ కథలో గేటు లోపల ఉన్నవాడికి ప్రభువు పేరు పెట్టలేదు, గేటు బయట పడి ఉన్నవాడికి పెట్టాడు అన్నాడు. "బయట పడున్నోని పేరు దేవునికి ఎరుకే," అని, పుస్తకం మూసి, బల్ల పట్టుకుని నిలబడ్డాడు.  

ఆడవాళ్ల వైపు నుంచి రిబ్కమ్మ లేచింది.

"నా పెనిమిటి పేరు మోషే. దుంగలు సాలయని అడిగిండు. ఇయ్యలే. రేపొచ్చే సాబుకు గిదే చెప్త," అంది.  పక్కామె కొంగు పట్టి కూర్చోబెట్టింది.

 హనుమండ్లు లేచి, వాకిట్లో గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. అతను వెళ్లాక కూడా వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ మధ్యాహ్నం ఆశీర్వాదం ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. మగ్దలేనమ్మ కొడుకు బట్టలు మూట కట్టి, సాయంత్రం బండికి చొప్పదండిలోని తన అన్న దగ్గరికి పంపేసింది. సోమవారం రిబ్కమ్మ అన్నట్టే చెప్పింది. ఆమె చెప్పాక, సమాధి దగ్గర గుసగుసలాడిన ఇద్దరూ ముందుకొచ్చారు. మోషే తప్పేమీ లేదని తేలింది. లింగమూర్తి చేతి నుంచి ఆ బాయి పని పోయింది. రిబ్కమ్మ గుడిసె కూడా పోయింది. గుడి షెడ్డుకు తాళం పడింది.

తర్వాతి ఆదివారం చంద్రవ్వ ఇంటి పంచలో ఆరాధన పెట్టారు. పిలిచినవాళ్లెవరూ రాని విందు కథ ఆనాటి పాఠం. సందులో సైకిల్ గంట మోగినప్పుడల్లా ఆశీర్వాదం ఉలిక్కిపడుతున్నాడు. చాలాసేపు చంద్రవ్వా, ఆమె ఇంట్లో తలదాచుకున్న రిబ్కమ్మా తప్ప ఎవరూ లేరు. తర్వాత ఒక్కొక్కరే, వెనకా ముందూ చూసుకుంటూ వచ్చారు. సగం మందికి పైగానే వచ్చారు.  ఆశీర్వాదం పుస్తకాన్ని మోకాళ్ల మీద ఆనించుకుని చదవడం మొదలుపెట్టాడు.